దూడ నుండి బిడ్డకా, బిడ్డ నుండి దూడకా?

పశువులకు, మనుషులకు ఉమ్మడిగా సోకే ప్రేగు పరాన్నజీవులపై మన విద్యార్థులు సమర్పించే సిద్ధాంత వ్యాసాలు చాలావరకు ఒక శాతంతో ముగుస్తాయి. ఇన్ని పేడ నమూనాలను పరీక్షించగా ఇన్నింటిలో జియార్డియా కనిపించినది. ఈ జీవి మనుషులకు కూడా సంక్రమిస్తుంది కనుక పాడి రైతులు తగు జాగ్రత్తలు తీసుకోవాలి. ఈ రెండు వాక్యాలలో మొదటిదానికి సూక్ష్మదర్శిని సాక్ష్యం ఉన్నది. రెండవదానికి ఆ వ్యాసంలో ఏ సాక్ష్యమూ ఉండదు. ఆ దూడ విసర్జించిన జియార్డియా మనిషికి సోకే రకమా, కాదా అన్నది సూక్ష్మదర్శిని కింద తెలియదు. అన్ని రకాలూ కంటికి ఒకే తీరుగా ఉంటాయి. తేడా జన్యువులలో ఉన్నది. ఆ తేడాను చూడకుండానే రెండవ వాక్యం కరపత్రాలలోకి, శిక్షణ తరగతులలోకి, అక్కడి నుండి గ్రామంలోకి వెళుతున్నది.

గ్రామంలోకి వెళ్ళిన తరువాత ఆ వాక్యం ఏమవుతుందో తెలుసుకోవటానికి హైదరాబాదు తూర్పు అంచున ఉన్న పోచారాన్ని తీసుకుందాము. (మెదక్ వైపున అభయారణ్యం ఉన్న పోచారం కాదు, ఉప్పల్ దాటి వరంగల్ రహదారిపై ఘట్‌కేసర్‌కు ముందు వచ్చే పోచారం.) ఒకప్పుడు ఇది పొలాలు, పాడి గల పల్లె. నేడు ఇక్కడ ఇన్ఫోసిస్ ప్రాంగణం, బహుళ అంతస్తుల నివాసాలు ఉన్నవి. ఇటువంటి నగర శివార్లలో గేదెల కొట్టాలు ఒక్కసారిగా మాయం కావు. కొత్త ఇళ్ళ మధ్య ఖాళీ స్థలాలలో, రేకుల కింద, నాలుగైదు గేదెలతో కొనసాగుతాయి. పాలు కావాలి, పేడ వాసన వద్దు అనే ఇరుగుపొరుగు వారి మధ్య ఆ కొట్టం నడవాలి. పిల్లలకు విరేచనాలు పట్టుకున్నప్పుడు వేలు మొదట ఎటు చూపుతుందో ఊహించటం కష్టం కాదు. ఆ సమయాన శాస్త్రవేత్త మాటగా మన రెండవ వాక్యం చేతికి దొరికితే, రుజువు కానిదే అది తీర్పుగా మారుతుంది.

జియార్డియా కొత్త జీవి కాదు. 1681లో లీవెన్‌హుక్ తన విరేచనంలోనే దానిని చూశాడు. 1859లో లాంబ్ల్ దానిని వర్ణించాడు. లాంబ్లియా, ఇంటెస్టినాలిస్, డుయోడినాలిస్ అని పుస్తకానికొక పేరు కనిపించి విద్యార్థులు తికమకపడుతుంటారు. మూడూ ఒక్కదాని పేర్లే. ఇది ఏకకణజీవి. చిన్న ప్రేగు గోడను అంటిపెట్టుకొని పెరిగే దశలో దీనికి రెండు కేంద్రకాలు, నాలుగు జతల కశాభాలు ఉంటాయి. మలంతో బయటకు వచ్చేది గట్టి గోడ గల సిస్టు. పొడవు సుమారు 8 నుండి 14 మైక్రాన్లు. బయటపడిన క్షణం నుండే అది మరొకరికి సోకగలదు. నులిపురుగుల గ్రుడ్ల వలె మట్టిలో కొన్నాళ్ళు పక్వం కానక్కరలేదు. 1954లో రెండ్‌టార్ఫ్ ప్రచురించిన ప్రయోగాలలో పది సిస్టులు మింగినా మనిషికి సోకినట్లు తేలినది. వ్యాధి తీవ్రంగా ఉన్న దూడ ఒక గ్రాము పేడలో లక్షకు పైగా సిస్టులను వదలగలదు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే భయం కలగటం సహజం. కాని ఆ లెక్క సరిపోవాలంటే దూడలో ఉన్నదీ, మనిషికి సోకేదీ ఒకటే రకం కావాలి.

అక్కడే జన్యు వైవిధ్యం ప్రశ్న వస్తుంది. ఒకే పేరు కింద ఉన్న ఈ జీవిని జన్యువుల ఆధారంగా ఎ నుండి హెచ్ వరకు ఎనిమిది సమూహాలుగా విభజించారు. సి, డి సమూహాలు ప్రధానంగా కుక్కలవి. ఎఫ్ పిల్లులది, జి ఎలుకలది, హెచ్ సీల్ జంతువులలో దొరికినది. పశువులు, గొర్రెలు, మేకలు, పందులు వంటి గిట్టల జంతువులది ఇ. మనుషులలో దాదాపుగా కనిపించేవి ఎ, బి మాత్రమే. అయితే ఈ రెండూ అనేక ఇతర క్షీరదాలలో కూడా ఉంటాయి. పాడి పశువులపై వివిధ దేశాలలో జరిగిన పరిశీలనలలో సాధారణంగా అధిక సంఖ్యలో కనిపించేది ఇ, తక్కువ సంఖ్యలో ఎ. అంటే దూడ పేడలో సిస్టు కనిపించినంత మాత్రాన అది ఇంటి బిడ్డకు ముప్పు అని చెప్పటం చాలా సందర్భాలలో తప్పవుతుంది, కొన్ని సందర్భాలలో నిజమవుతుంది. ఏది ఎప్పుడో పరీక్షిస్తేనే తెలుస్తుంది.

ఈ సమూహాల మధ్య దూరం కూడా మనం అనుకునే తీరులో లేదు. ఎ సమూహపు సంపూర్ణ జన్యుపటం 2007లో వెలువడినది. ఆ తరువాత 2009లో బి, 2010లో ఇ వచ్చినవి. మనిషికి సోకే రెండు రకాలైన ఎ, బి లను పోల్చితే వాటి ప్రోటీన్ల సగటు సామ్యం సుమారు 78 శాతం. ఎ ని పశువుల రకమైన ఇ తో పోల్చితే సుమారు 90 శాతం. మనిషిలో ఉండే రెండు రకాలు ఒకదానికొకటి దూరం. పశువుది అందులో ఒకదానికి దగ్గర. కనుక వీటికి వేర్వేరు జాతి నామాలు ఇవ్వాలనే వాదన ఉన్నది. ఇ కి బోవిస్ అన్న పేరును సూచించినవారున్నారు. పేరు ఏదైనా కానీ, ఇంత దగ్గర బంధువు మనిషిలోకి ఎన్నడూ రాదని ధీమాగా ఉండలేము. ఈజిప్టు, ఆస్ట్రేలియా, బ్రెజిల్ దేశాలలో మనుషుల నమూనాలలోనే ఇ దొరికినది. కనుక "ఇ అయితే భయం లేదు" అన్నది కూడా రాతి మీద చెక్కవలసిన వాక్యం కాదు.

ఇక మూసీ. పోచారానికి దక్షిణాన పీర్జాదిగూడ, కాచివాని సింగారం, ప్రతాప్ సింగారం, కొర్రెముల వైపు నది వెంట దశాబ్దాలుగా పారా గడ్డి పెంచుతున్నారు. ఆ నీరు ప్రధానంగా నగరపు మురుగునీరే. అంబర్‌పేట, నాగోలు, ఉప్పల్ నల్లచెరువు వద్ద శుద్ధి కేంద్రాలు ఉన్నప్పటికీ, శుద్ధి కాని నీరు కలవటం ఈ నదికి పాత వ్యాధి. కోసిన గడ్డిని మోపులుగా కట్టి నగరంలోని, శివార్లలోని గేదెల కొట్టాలకు అమ్ముతారు. ఏడాది పొడవునా పచ్చగా దొరికే ఆ మేత లేకపోతే చిన్న కొట్టాలు చాలావరకు నిలబడవు.

ఈ తీరంలో ప్రేగు పరాన్నజీవులపై పని జరగలేదని కాదు. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థకు చెందిన పరిశోధకులు, వారి సహచరులు మూసీ వెంట సేద్యం చేసే కుటుంబాలను పరిశీలించి 2008లో ఫలితాలు ప్రచురించారు. శుద్ధి కాని మురుగునీటితో సేద్యం చేసేవారికి కొంకి పురుగు వంటి గుండ్రటి పురుగుల బెడద ఎక్కువని తేలినది. నదికి అడ్డంగా ఉన్న ఆనకట్టల వెనుక నీరు నిలిచి గ్రుడ్లు అడుగుకు చేరటం వలన దిగువకు పోయేకొద్దీ నీరు మెరుగవుతున్నదని కూడా వారు గమనించారు. అది ఉపయోగకరమైన పని. కాని పురుగుల గ్రుడ్డుకు పట్టే మాట జియార్డియా సిస్టుకు పట్టదు. ఏలికపాము గ్రుడ్డు బరువైనది, పొడవు 45 మైక్రాన్లకు పైమాటే. సిస్టు చిన్నది, తేలికైనది, చాలా నెమ్మదిగా దిగుతుంది. గ్రుడ్లు లేని నీటిలో సిస్టులు లేవని అనుకోరాదు. నీరు చల్లగా ఉన్నప్పుడు అవి వారాల తరబడి బ్రతుకుతాయి. సాధారణ బాక్టీరియాను చంపే మోతాదు క్లోరిన్‌ను తట్టుకుంటాయి.

ఇప్పుడు ఈ గొలుసును చూడండి. నగరంలోని మనిషి విసర్జించిన సిస్టు మురుగు కాలువలో మూసీకి, మూసీ నుండి గడ్డికి, గడ్డి నుండి గేదెకు చేరుతుంది. అప్పుడే పుట్టిన దూడ గడ్డి మేయదు. కాని అది తల్లి పొదుగును, తొట్టిని, తడి నేలను నాకుతుంది. ఆ దూడలో మనుషుల రకం జియార్డియా దొరికితే, దానిని పశువు నుండి మనిషికి వచ్చిన ముప్పుగా రాయాలా, మనిషి నుండి పశువుకు వచ్చినదిగా రాయాలా? మన కరపత్రాలలో మొదటిదే ఉంటుంది. మూసీ తీరంలో రెండవదే ఎక్కువ సంభవమని నా అభిప్రాయం. రెండింటికీ పరిష్కారాలు వేరు. మొదటిది నిజమైతే కొట్టంలో పని చేయాలి. రెండవది నిజమైతే మురుగునీటి శుద్ధిపై ఖర్చు పెట్టాలి. కొట్టం యజమానిని కదిలించినందువలన ఒక్క బిడ్డకు కూడా విరేచనాలు తగ్గవు.

రకం తెలియక ముందు పశువును అనుమానించటం మన ఒక్కరి అలవాటు కాదు. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో కుళాయి నీటి ద్వారా క్రిప్టోస్పోరిడియం వ్యాపించి సుమారు 4,03,000 మంది జబ్బుపడ్డారని అంచనా. ఇది జియార్డియాకు తోడుగా దూడలలో తిరిగే మరో ప్రేగు ఏకకణజీవి. అప్పటి అనుమానితుల జాబితాలో నదీ పరీవాహకంలోని పశువులు, కబేళాలు, మనుషుల మురుగు అన్నీ ఉన్నాయి. కొన్నేళ్ళ తరువాత, భద్రపరచి ఉంచిన రోగుల నమూనాలలో జన్యు పరీక్ష చేస్తే దొరికినది మనుషుల రకం. దానికే 2002లో క్రిప్టోస్పోరిడియం హోమినిస్ అని వేరే జాతి నామం ఇచ్చారు. మన దక్షిణాదిన వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల పరిశోధకులు పిల్లలలో కనుగొన్న క్రిప్టోస్పోరిడియంలో కూడా అధికభాగం హోమినిస్ రకమే.

అట్లని పశువు ప్రతిచోటా నిర్దోషి అనలేము. 2001లో బ్రిటన్‌లో గాలికుంటు వ్యాధి వచ్చి పల్లెల్లోకి, పొలాల్లోకి రాకపోకలు ఆపివేసినప్పుడు, దూడలతో సంబంధం గల పార్వమ్ రకం క్రిప్టోస్పోరిడియం మనుషులలో తగ్గినది. అక్కడ పశువు పాత్ర నిజం. మన దేశంలోనే అస్సాం తేయాకు తోటల కార్మిక కుటుంబాలలో ట్రౌబ్, ఆమె సహచరులు 2004లో ప్రచురించిన పరిశీలనలో ఒకే ఇంటి మనుషులలో, కుక్కలలో ఒకే రకం జియార్డియా దొరికినది. ఒక చోట దొరికిన జవాబును మరొక చోటుకు మోసుకుపోలేమని ఈ రెండు అనుభవాలూ మిల్వాకీతో కలిసి చెబుతున్నవి. అస్సాం కుక్కల ఫలితాన్ని ఉదహరించి పోచారం గేదెలపై తీర్మానం చేయటం శాస్త్రం కాదు.

ఈ నగరానికి ఈ పాఠం కొత్తది కాదు కూడా. 1897లో రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమలను కోసి చూస్తూ నెలల తరబడి ఏమీ కనుగొనలేకపోయాడు. కష్టం చాలక కాదు. ఆయన చేతికి వచ్చిన దోమలు మలేరియాను మోసే రకం కాకపోవటం వలన. రెక్కలపై మచ్చలు గల దోమను తీసుకున్న తరువాతనే, ఆగస్టు 20న, దాని కడుపు గోడలో పరాన్నజీవి కనిపించినది. "దోమ వలన మలేరియా" అన్న వాక్యం అప్పటికే గాలిలో ఉన్నది. ఏ దోమ అన్నది తేలితే తప్ప దానితో ఎవరికీ పని జరగలేదు.

జన్యు పరీక్ష అనగానే ఖరీదు, దూరం అన్న అభ్యంతరం వస్తుంది. దూరం మాట పోచారం విషయంలో చెల్లదు. అక్కడి నుండి నగరం వైపు అదే రహదారిపై వస్తే ఉప్పల్‌లో డి.ఎన్.ఎ. వేలిముద్రల, నిర్ధారణ కేంద్రం, హబ్సిగూడలో సి.సి.ఎం.బి., తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ వరుసగా వస్తాయి. పశువైద్య విశ్వవిద్యాలయం నగరానికి అవతలి వైపు రాజేంద్రనగర్‌లో ఉన్నది. పి.సి.ఆర్. యంత్రం నేడు అరుదైన వస్తువు కాదు. అనుక్రమం చదివించటానికి బయటి సేవలు అందుబాటులో ఉన్నవి. అసలు కొరత వేరే చోట ఉన్నది. దూడ పేడ ఒక శాఖకు, పిల్లల మలం మరొక శాఖకు, నీరు మూడవ శాఖకు పోతాయి. ఆ మూడూ ఒక బల్ల మీదికి రావు. "ఏక ఆరోగ్యం" అన్న మాట సదస్సుల వేదికలపై ఎంత వినిపించినా, ఒకే వీధి నుండి ఒకే వారంలో ఈ మూడు నమూనాలను తెచ్చి పోల్చనంత కాలం ఆ మాట వేదిక మీదనే ఉండిపోతుంది.

పోల్చటంలోనూ మెళకువ కావాలి. ఒక్క జన్యువును చదివి సమూహాన్ని నిర్ణయించటం పొరపాట్లకు దారి. ఈ జీవికి రెండు కేంద్రకాలు, ఒక్కొక్క జన్యువుకు కనీసం నాలుగు ప్రతులు. ముఖ్యంగా బి సమూహంలో ఆ ప్రతులు ఒకదానితో ఒకటి పూర్తిగా సరిపోలవు. ఒకే నమూనా గ్లుటమేట్ డీహైడ్రోజినేజ్ జన్యువులో ఎ గా, బీటా జియార్డిన్ జన్యువులో బి గా కనిపించటం పరిశోధకులకు తెలిసినదే. రెండు రకాలు కలిసి ఉన్న దూడలో పి.సి.ఆర్. ఎక్కువగా ఉన్నదానినే చూపి, తక్కువగా ఉన్న మనుషుల రకాన్ని మరుగుపరచవచ్చు. కనుక ట్రయోజ్ ఫాస్ఫేట్ ఐసోమరేజ్‌తో కలిపి మూడు జన్యువులను చదవటం, ఎ దొరికితే దానిలోని ఉపరకం వరకు పోవటం అవసరం. మొదటి ఉపరకం ఎక్కువగా జంతువులలో, రెండవది ఎక్కువగా మనుషులలో ఉంటుంది. సమూహం ఒకటే అయినంత మాత్రాన దూడ నుండి బిడ్డకు వచ్చినదని రాయరాదు. ఉపరకం, కాలం, ఇల్లు మూడూ కలిసినప్పుడు మాత్రమే ఆ మాటకు బలం వస్తుంది. అప్పుడు కూడా దిశ ఏదన్నది జాగ్రత్తగా వాదించవలసిన విషయమే. ఎంతో కొంత అనిశ్చితి మిగులుతుంది. ఆ అనిశ్చితిని రాయటం ఒక శాతాన్ని రాయటం కంటే గౌరవప్రదం.

ఈ లోపల రైతుకు ఏమి చెప్పాలి? రకం తేలే వరకు మౌనంగా ఉండమని ఎవరూ అనరు. రకంతో నిమిత్తం లేని సలహాలు కొన్ని ఉన్నవి. ఎండ, ఆరుదల సిస్టును చంపుతాయి. కోసిన పారా గడ్డిని వెంటనే వేయక పలుచగా పరచి ఎండలో వడలనిచ్చి వేయటం ఖర్చు లేని పని. వానాకాలంలో సాధ్యపడదన్నది నిజమే. దూడలను పెద్ద పశువుల తడి నేలకు దూరంగా, పొడి నేలపై ఉంచటం, వాటి తొట్టిని కాలువ నీటితో కడగకపోవటం, పారుతున్న దూడను తాకిన చేతులతో పాలు పితకకపోవటం, చిన్న పిల్లలను దాని దగ్గరకు రానివ్వకపోవటం, త్రాగే నీటిని మరిగించటం: వీటిలో ఏదీ జన్యు పరీక్ష కోసం వేచి ఉండనక్కరలేదు. ఫెన్‌బెండజోల్ దూడలో సిస్టుల విసర్జనను తగ్గిస్తుంది. కాని నేల మారకపోతే కొద్ది వారాలలో మళ్ళీ సోకుతుంది. దూడ బరువు పెరగకపోవటం వలన రైతుకు కలిగే నష్టం ఏ రకం వలన వచ్చినా నష్టమే. అందుకని ఈ సలహాలను దూడ ఆరోగ్యం పేరుతోనే చెప్పవచ్చు. "మీ గేదె వలన వీధిలో పిల్లలకు జబ్బు" అన్న మాటను వీటికి జత చేయవలసిన అవసరం లేదు. అటువంటి మాట విన్న రైతు మరుసటి సారి పేడ నమూనా ఇవ్వడు.

విద్యార్థులు ఈ ఏడాదే మార్చుకోగలిగిన పని ఒకటి ఉన్నది. మన ప్రయోగశాలలలో నమూనా రాగానే ఫార్మలిన్ సీసాలో వేయటం పాత అలవాటు. ఫార్మలిన్ సిస్టు ఆకారాన్ని కాపాడుతుంది, డి.ఎన్.ఎ.ను చెడగొడుతుంది. మిల్వాకీ ప్రశ్నకు జవాబు దొరికినది జన్యు పరీక్షకు పనికివచ్చే నమూనాలు మిగిలి ఉండటం వలన. ప్రతి నమూనాలో కొంత భాగాన్ని 70 శాతం ఎథనాల్‌లో గాని, రెండున్నర శాతం పొటాషియం డైక్రోమేట్‌లో 4 డిగ్రీల చలిలో గాని వేరుగా ఉంచితే, ఈనాడు నిధులు లేకపోయినా రెండేళ్ళ తరువాత మరొక విద్యార్థి దానిని చదవగలడు. సిస్టులను తేల్చటానికి సంతృప్త ఉప్పు ద్రావణం వాడితే అవి ముడుచుకుపోయి గుర్తుపట్టరాకుండా పోతాయి, 1.18 సాంద్రత గల జింక్ సల్ఫేట్ మేలు. విసర్జన రోజు విడిచి రోజు మారుతుంది గనుక ఒక దూడ నుండి మూడు నమూనాలు తీయాలి. మనుషుల నమూనాలకు నైతిక సంఘం అనుమతి, కుటుంబం సమ్మతి ముందుగా పొందాలి. పశువైద్య విద్యార్థి ఒంటరిగా చేయగలిగినది కాదు గనుక వైద్య కళాశాల సహచరుని మొదటి రోజు నుండే కలుపుకోవాలి. సీసా మీద దూడ వయస్సు, తేదీ, ఆ ఇంటికి ఇచ్చిన సంకేత సంఖ్యతో పాటు, ఆ కొట్టానికి గడ్డి ఏ ఊరి నుండి వస్తున్నదో కూడా రాయాలి. సాధారణంగా మన నమోదు పత్రాలలో దానికి గడి ఉండదు.